మా గుమ్మం దుమ్ము

గురువారం మధ్యాహ్నం రెండింటికి
మెథడిస్టు చర్చి వెనక హాల్లో
పాత సినిమా వేస్తారు.
టిక్కెట్టుతో పాటు కప్పు టీ, రెండు బిస్కెట్లు.
బోల్టన్‌లో వాన పడని గురువారం నేనెరగను.
అందుకే హాలంతా
తడిసిన ఉన్నికోట్ల వాసన.

ఈ సినిమాల్లో ఏమీ జరగదు.
మాకు కావలసిందీ అదే.
ఒకాయన పని నుంచి వస్తాడు, టోపీ మేకుకి తగిలిస్తాడు.
ఆవిడ ఆయన వంక చూడకుండానే
బంగాళాదుంపలు వడ్డిస్తుంది.
ఆ చూడకపోవడంలోనే ఉంటుంది
పదిహేడేళ్ళ కాపురం.
కొడుకు యూనియన్ మాటెత్తుతాడు,
కూతురు లిప్‌స్టిక్ తుడిచేసుకుని లోపలికొస్తుంది,
మాటా మాటా పెరిగి
ఎవరో కంచం నెట్టేసే వేళకి
కరెంటు మీటర్లో షిల్లింగు అయిపోతుంది.
చీకటి.
అందరూ జేబులు తడుముకుంటారు.
"నా దగ్గరుందిలే" అంటాడు తండ్రి.
క్షమాపణ అడగడం రాని మనిషి
అడిగిన క్షమాపణ అది.

నా పక్క కుర్చీలో క్లిఫర్డ్ క్రాంప్టన్
ప్రతిసారీ అక్కడే ముక్కు చీదుతాడు.
జలుబంటాడు.
నలభై ఏళ్ళు బాయిలర్లు బిగించిన చేతులు,
జలుబే అనుకుంటాం.

నేను మాత్రం కథ కోసం రాను.
పంతొమ్మిదివందల యాభై ఎనిమిది, మార్చి నెల.
మా వీధికి లారీలొచ్చాయి.
దీపాలు, తీగలు, గొడుగులు పట్టిన కుర్రాళ్ళు.
రాళ్ళబాట తడిగా కనబడాలని
పైపులతో నీళ్ళు కొట్టారు, బోల్టన్‌లో!
సముద్రానికి ఉప్పు అరువిచ్చినట్టు.
క్రాపర్ గారి తలుపుకి కొత్త నంబరు తగిలించి
హీరో ఇల్లు ఇదే అన్నారు.
తలుపు మా వీధిది.
తలుపు తీస్తే కనబడే వంటిల్లు
లండన్‌లో ఎక్కడో చెక్కలతో కట్టిందట.
ఒక్క అడుగులో రెండొందల మైళ్ళు దాటి
ఆయన రోజూ భోజనానికి వెళ్ళేవాడు.
మా యాస కూడా అంతే,
అద్దెకు తెచ్చిన కోటు, భుజాల దగ్గర వదులు.
ఇప్పటికీ నవ్వుతాం.
నవ్వుతూనే నమ్ముతాం.

ముప్పై ఏడో నిమిషం.
హీరో గుమ్మంలో నిలబడి
ఊరొదిలి పోతున్నానని ఆ అమ్మాయితో చెబుతుంటాడు.
ఆయన భుజం వెనక
పక్కింటి తలుపు తెరుచుకుంటుంది.
పూల ఏప్రన్, తలకి గుడ్డ.
మా అమ్మ, హెట్టీ ఎంట్విసిల్.
కాళ్ళు తుడుచుకునే పట్టా తెచ్చి
గోడకేసి నాలుగు దెబ్బలు కొట్టి
లోపలికెళ్ళిపోతుంది.
నాలుగు సెకన్లు. లెక్కపెట్టాను.

ఆరుసార్లు చేయించారు ఆ పని.
"మొదటిసారికే పట్టాలో దుమ్మంతా పోయింది,
తక్కిన అయిదుసార్లూ పొయ్యిలో బూడిద
నేనే పోసుకుని తెచ్చా" అనేది.
"అయిదు షిల్లింగులిచ్చారు,
చిరిగిన పట్టాకి పైసా ఇవ్వలేదు."
పోయేదాకా అదే ఫిర్యాదు.
సినిమాకి రమ్మంటే రాలేదు.
"రోజూ చేసే పనేగా, చూడ్డానికి డబ్బులు కూడానా?"

ఇంట్లో ఆమె పెళ్ళి ఫోటో ఉంది.
అందులో ఊపిరి బిగబట్టుకుని ఎవరో.
కదిలే అమ్మ ఇక్కడే ఉంది.
మోచెయ్యి అలా విసరడం,
దగ్గు ఆపుకుంటూ పెదవి బిగించడం,
తలుపుని మడమతో మూయడం.
కెమెరా ఆమె వెంట లోపలికి రాలేదు.
వచ్చి ఉంటే,
నైట్‌షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న నాన్న,
చప్పుడు చేయకుండా మెట్ల మీద నేను,
అడుగంటుతున్న ఓట్ల జావ.
ఆ ముక్క చర్చి హాల్లో
నాకొక్కదానికే కనబడుతుంది.

ఇంకో సంగతి.
అమ్మ తలుపేశాక,
కన్నీళ్ళ మాట సగంలో ఉండగా,
హీరో ఎడం చేత్తో భుజం దులుపుకుంటాడు.
ఓసారి లీడ్స్ నుంచి వచ్చిన కుర్ర మేష్టారు
సినిమా అయ్యాక నిలబడి వివరించాడు:
పుట్టిన ఊరిని వదిలించుకోవడమట అది,
అంత గొప్ప నటన అరుదట.
క్లిఫర్డ్ నా వైపు చూశాడు.
నేను బిస్కెట్ టీలో ముంచాను.
అది మా పొయ్యి బూడిద,
ఆరో విడతది.