జప్తు: చెంబు ఒకటి

మాఘం నుంచి శ్రావణం దాకా
మా గేదె మాతోపాటే ఇంట్లో ఉంది.
పేరు మేశ్. మా మాటలో కాటుక అని.

ఆ ఏడు బార్డోలీ తాలూకాలో
రూపాయికి మూడున్నర అణాలు శిస్తు పెంచారు.
అర్జీలు పెట్టాం. దున్నపోతు మీద వాన.
కట్టేది లేదన్నాం, చెయ్యెత్తేదీ లేదన్నాం.
ఆ తర్వాత మేం చేసిన తిరుగుబాటంతా
తలుపులు వేసుకోవడమే.

చింతకొమ్మ మీంచి మా మరిది హీరియో
జప్తు బండి దుమ్ము కనబడితే డప్పు కొట్టేవాడు.
నూటపది ఇళ్ళ గడియలు, ఒకే చప్పుడు.
తర్వాత ఈగలు. పేడ. మూత్రపు ఘాటు.
చీకట్లో నా మెడ మీద మేశ్ ఊపిరి.
నా పొయ్యికీ దాని కుడితి గాబుకీ మధ్య
మా ఆయన ముడుచుకునే జానెడు చోటు.

ఎండలు ముదిరాక
నీళ్ళకుండ ఆనించిన గోడ తడిని నాకేది.
కాళ్ళకి పుళ్ళు లేచాయి. వెంట్రుక రాలింది.
నలుపు వెలిసి బూడిద, బూడిద వెలిసి గంజిరంగు.
తెల్లబోవడమంటే ఏమిటో
ఆ వేసవిలో కళ్ళారా చూశాను.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం
జప్తు జమాదారు తలుపు బాదడం ఆపి,
గొంతు మార్చి,
"అమ్మా, కాసిని నీళ్ళు" అన్నాడు.
శిస్తు ఇవ్వమని మాట ఇచ్చాం గానీ
దాహం సంగతి ఎవరూ చెప్పలేదు.
మా అత్త రళియాత్ బా కిటికీ రెక్క బెత్తెడు తెరిచి
ఇత్తడి చెంబు అందించింది.
గుటకలు లెక్కపెట్టాను. ఏడు.
ఎనిమిదో గుటకకి మేశ్ అరిచింది.

మా అత్త వెంటనే దగ్గింది, అచ్చం గేదెలా,
పసిపిల్లలైనా నమ్మనంత అధ్వాన్నంగా.

బయట చాలాసేపు మాట లేదు.
పెన్సిలు గీసుకున్న చప్పుడు.
తలుపు సందులోంచి రసీదు జారింది.
"పశువులు: లేవు.
జప్తు: ఇత్తడి చెంబు ఒకటి. వెల పన్నెండణాలు."

నేను చదివితే అత్త నవ్వింది,
నవ్వి, మూలకి పోయి ఏడ్చింది.
అది ఆమె పుట్టింటి చెంబు.
సాయంత్రం మట్టిముంత కడిగి కిటికీలో పెట్టింది.
"దీనికి వెల కట్టమను చూద్దాం."

శ్రావణంలో రాజీ కుదిరింది. గడియలు తీశాం.
మేశ్ గడప దాకా వచ్చి ఆగిపోయింది,
వెలుగు కూడా జప్తుకే వచ్చిందనుకుందేమో.
తోశాం, బతిమాలాం, తోక మెలిపెట్టాం.
చినుకు పడ్డాక తనంతట తనే కదిలింది.
వీధి నిండా గంజిరంగు గేదెలు
ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక
వాసన చూసుకుంటున్నాయి.

నలుపు తిరిగి రావడానికి కార్తీకం దాటింది.
చెంబు రాలేదు.