ఒక్క కొక్కెం

పట్టాభిపురం మూడో అడ్డరోడ్డులో
పదడుగుల గది నాది.
పగలంతా జిల్లా కోర్టులో సాక్షుల మాటలు టైపు చేస్తాను.
ఆ పాత హాల్లో కప్పు ఎంత ఎత్తంటే
"చూశానండీ" అన్నవాడి మాట
జడ్జిగారి తల మీదుగా పైకెళ్లి దిగొచ్చి
మళ్లీ "చూశానండీ" అంటుంది.
రెండిట్లో ఏది వాంగ్మూలమో
ఇరవై రెండేళ్లుగా నా వేళ్లే తేల్చుకుంటున్నాయి.

ఒక మాట ఒక్కసారే వినపడే చోటు
ఎక్కడైనా ఉంటే బాగుండుననిపించేది.
బకాయిలు చేతికొచ్చిన నెల రెండు స్పీకర్లు కొన్నాను.
పెట్టాను. కూర్చున్నాను.
వయొలిన్, రేకు మీద మేకు గీసినట్టుంది.
మృదంగం ఎక్కడో బాత్రూంలో స్నానం చేస్తోంది.

చప్పట్లు కొట్టి చూశాను.
ఒక్క చప్పట్టుకి టటటటటమని
నేలకీ శ్లాబుకీ మధ్య ఇనప గుళ్లేవో ఎగిరాయి.
గోడల నిండా పుస్తకాలున్నాయి, చీరల బీరువా ఉంది,
కింద జంపఖానా ఉంది.
పైన మాత్రం బోడి సున్నం.
సున్నం కొట్టేవాడు తప్ప ఎవరూ తలెత్తి చూడని చోటు.

పైవాటా నర్సమ్మ కూతురు షారోను
స్టూలెక్కి కప్పుకి అద్దం ఆనించి పట్టుకుంది.
నేను కుర్చీలో కదలకుండా.
"ఇంకొంచెం ముందుకి... ఎడమకి... ఆఁ, ఆగు."
అద్దంలో స్పీకరు తలకిందులుగా కనబడ్డ చోట
సుద్దముక్కతో ఇంటూ గుర్తు. రెండోదానికి ఇంకోటి.
రెండో మాట దిగొచ్చేది అక్కణ్ణుంచే.
రెండు గుర్తుల నడుమ
సరిగ్గా ఫ్యాను కొక్కెం.
శ్లాబు పోసిననాడు వదిలింది అదొక్కటే.

ఏప్రిల్లో, గుంటూరులో,
గాలా, గానమా?
మా అక్క ఫోన్లో నవ్వింది:
"ఎండాకాలం ఫ్యాను పీకించుకున్న మనిషి
ఈ ఊళ్లో నువ్వే అయ్యుంటావు."

దూది ఏకే కాశింసాబు వచ్చాడు.
ఫోము పరుపులొచ్చాక తనని పిలిచేవాళ్లు లేరట.
వేపచెక్క చట్రానికి మొదట గోనె బిగించాడు,
యార్డులోంచి తెచ్చిన సంచి.
ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం, షారోను కళ్లనిండా నీళ్లు.
"మిరపకాయ పాట వినాలంటే ఇదే ఉంచుకోండమ్మా" అని
విప్పేసి, ముతక ఖద్దరు వేశాడు.

దూది గట్టిగా కుక్కమన్నాను. వినలేదు.
"పరుపైతే కుక్కుతామమ్మా, మనిషి బరువు ఆనాలి కాబట్టి.
చప్పుడికి బరువేముంది?
లోపలికి దూరనివ్వాలి. దారి తెలీక
తిరిగి తిరిగి అలిసిపోతుంది."
శ్లాబుకీ చట్రానికీ మధ్య జానెడు ఖాళీ ఉంచాలట,
నేను చదివిన సంగతి చెబితే తలూపాడు:
"ఆ ఖాళీక్కూడా కూలివ్వాలి మరి."

కొక్కేనికి నాలుగు గొలుసులు.
ఫ్యాను వరండాలో రెక్కలు గోడకానించి కూర్చుంది,
సస్పెండైన గుమాస్తాలా.

రికార్డు పెట్టబోతే ఆగమన్నాడు.
బయట సైకిలుకి కట్టిన విల్లు విప్పి తెచ్చాడు.
నరం తీగె మీద కొయ్యగుబ్బతో ఒక్క దెబ్బ.

ణంగ్.

అంతే. మళ్లీ రాలేదు.
చెవి కప్పు వైపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు,
ఎవరో బదులు చెప్పాలన్నట్టు.
"నలభై ఏళ్లు కొట్టానమ్మా దీన్ని,
వీధుల్లో, వసారాల్లో.
దీని గొంతు ఇదా?"
డబ్బులు తీసుకున్నాక కూడా
మరో రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు.

రాత్రి వయొలిన్ పెట్టాను.
కమాను తీగెని తాకకముందు
వాయించేవాడు ముక్కుతో గాలి పీల్చడం వినిపించింది.
వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది.
ఎవరో ఆవిడ గాజులు.
ఇన్నేళ్లూ వీళ్లంతా ఇందులోనే కూర్చునున్నారా?

పైన షారోను తాడాట. ధబ్, ధబ్.
అది ఆగదు. శ్లాబులోంచి నడిచొచ్చే అడుగులకి
నా దూది అడ్డం కాదు.
ఆడుకోనీ.

చెమట మెడ మీంచి వీపులోకి దిగుతోంది.
తాటాకు విసనకర్ర తీశాను.
దాని చప్పుడు కూడా ఎంత విడిగా, ఎంత దగ్గరగా!
నెమ్మదిగా వాయించే చోట ఊపడం ఆపుతున్నాను.
వేగం అందుకోగానే, ఇక ఓర్చుకోలేక,
గబగబా విసురుకుంటున్నాను.