రాత్రి ఒంటిగంట తర్వాత

ఆర్మీనియన్ వీధిలో రెండో అంతస్తు.
మెట్ల మీద తడి గొడుగులు, ఎండిన టీ గ్లాసులు.
లోపల వకీలు దాక్షాయణి గారి బల్ల మీద
మా పెంచలమ్మ,
నూట పద్నాలుగు జిరాక్సు పేజీలు.

వాటి కోసం మూడుసార్లు తిరిగాను.
రేపు రమ్మన్నారు, సారు లేరన్నారు.
అర్జీ రాసి, నకలు మీద ముద్ర కొట్టించుకున్నాక
మూడోనాటికి ఇచ్చారు,
పేజీకి ఐదు రూపాయలు లెక్కగట్టి.

పెరంబూరులో రైలుపెట్టెల కార్ఖానాలో
నేను తనిఖీ మనిషిని.
మా దగ్గర ఒక బోల్టు బిగిస్తే
ఎవరు బిగించారో, ఏ షిఫ్టులోనో
పుస్తకంలో ఉంటుంది.
పదేళ్ల తర్వాత ఏ పట్టాల మీదో పెట్టె ఊగినా
ఆ చెయ్యి దొరుకుతుంది.
ఆ అలవాటుతోనే కేస్ షీటు చదివాను.

రాత్రి పది: నాడి తొంభై ఆరు.
పదకొండు: నూట నాలుగు.
ఒంటిగంట: నూట ఇరవై రెండు, డాక్టరుకు చెప్పాం.
ఆ కింది గీత మీద నాలుగున్నర.
ఆ కింద నాడి లేదు.

గర్భసంచి తీయడం చిన్న పనేనన్నారు,
మూడోనాడు నడిచి ఇంటికెళ్తుందన్నారు.

గాజు పేపరువెయిట్ తిప్పుతూ ఆవిడ చెప్పారు.
వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్లు దాటకముందే.
మెడికల్ కౌన్సిల్‌కూ రాయొచ్చు,
అక్కడ పైసా రాదు, తప్పు తేలితే లైసెన్సుకు దెబ్బ.
పోలీసులంటారా,
ముందు ఇంకో డాక్టరు నోట తప్పని రావాలి.

డాక్టరు మీద డాక్టరు చెబుతాడా అమ్మా?

"చెప్పేవాళ్లున్నారు. వెతకాలి.
పోస్టుమార్టం చేయించారా?"

ఒకసారి కోసింది చాలదా అంటూ
మా అమ్మ అంబులెన్సుకు అడ్డంగా కూర్చుంది.
వద్దని రాసిచ్చిన కాయితం మీద సంతకం నాది.
ఉన్న సాక్ష్యమంతా కాశిమేడు అలల్లో కలిపేశాం.

"బిల్లు?"

మాఫీ చేశారు. లక్షా ఎనభై వేలు.
బావ మాల్యాద్రి వాళ్లకు దండం కూడా పెట్టాడు.
అరవంలో ఏదో రాసి ముందుకు తోస్తే
చదవరాక, అడగలేక, సంతకం చేశాడు.

"దాంతో కేసు చావదు. కుంటుతుంది."

ఫారంలో ఒక గడి: మృతురాలితో సంబంధం.
అన్న అని రాయబోతే ఆపారు.
వారసులు భర్త, కొడుకు.
తొమ్మిదేళ్ల వాడి పేరు రాశాం,
మైనరు, తండ్రి ద్వారా.
ఇంకో గడి: ఆమె సంపాదన.
అంబత్తూరు ఎక్స్‌పోర్టు కంపెనీలో కాలర్లు కుట్టేది,
నెలకు పదకొండు వేలు.
రాత్రిళ్లు వాడితో ఎక్కాలు చెప్పించేది,
అదెంతని వేయాలో నేనూ అడగలేదు,
ఆవిడా చెప్పలేదు.

"ఆ మూడున్నర గంటలూ
ఆమె మెలకువగా ఉందని, ఎవరినైనా పిలిచిందని
చూపడానికి ఏమైనా ఉందా?"

ఆరు నెలలుగా ఎవరికీ చూపించలేదు.
అమ్మకు కూడా.
జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాను.

పెంచలమ్మ. మిస్డ్ కాల్. 2:40
పెంచలమ్మ. మిస్డ్ కాల్. 2:52
పెంచలమ్మ. మిస్డ్ కాల్. 3:15

ఆడవాళ్ల వార్డు, మగవాళ్లు ఉండకూడదన్నారు.
సరేనని నైట్ షిఫ్టుకు పోయాను.
ఫోను లాకరులో ఉంది.
నేను ఏదో బోగీ కింద పడుకుని
ఎవరి బోల్టులో సరిచూస్తున్నాను.

పేపరువెయిట్ తిరగడం ఆగింది.
చాలాసేపటికి, మెల్లగా,
"చెరపకండి. ఫోను మార్చకండి.
కంపెనీ నుంచి కాల్ రికార్డు తెప్పిద్దాం.
మన మొదటి సాక్ష్యం ఇదే" అన్నారు.

కింద జిరాక్సు కొట్టు.
మూడు ప్రతులు కావాలన్నాను.
కుర్రాడు ఫోను తెర చూసి
కలరా, నలుపూ తెలుపా అని అరవంలో అడిగాడు.

ఆ అంకెలు ఎర్రగా ఉన్నాయి కదా తమ్ముడూ,
కలరే తియ్యి.