మాట ఇవ్వకూడని చోట

గురువారం సాయంత్రం ప్రైమరీ స్కూలు గదిలో మా శిక్షణ.
ఆరేళ్ళ పిల్లలకి చేసిన కుర్చీల్లో
పదకొండు మందిమి పెద్దవాళ్ళం,
మోకాళ్ళు గడ్డాల దాకా.
బయట వేల్స్ వాన. దానికి వేళాపాళా లేదు.

పాఠం చెప్పే లౌరీకి నా కూతురి వయసు.
స్టిక్కర్ మీద 'మెన్నా' అని రాసి
నా కోటుకి తనే అంటించింది.
ఈ లోయలో నా పేరు తెలియని పిల్ల లేదమ్మా,
అనబోయి మింగేశాను.

ఇరవై రెండేళ్ళు.
మూతబడ్డ గనివాళ్ళ పాత హాల్లో
మంగళవారం, శుక్రవారం తాళం తీసింది నేను.
హీటర్‌ని కాలితో తన్ని వెలిగించింది నేను.
చీజు వేసి కాల్చిన రొట్టెలు ఎన్ని వేలో.
సొట్టబోయిన పింగ్‌పాంగ్ బంతిని
వేడినీళ్ళలో వేసి గుండ్రం చేయడం
ఏ పుస్తకం నేర్పింది నాకు?
ఇప్పుడు కౌన్సిల్ నుంచి ఉత్తరం:
సర్టిఫికెట్ లేని చేతికి
ఏప్రిల్ తర్వాత తాళంచెవి ఇవ్వరట.

సరే, వచ్చాను.
చేపపిల్లకి ఈత నేర్పుతారా అన్న మొహంతో
మూడు వారాలు కూర్చున్నాను.
తలుపు ఓరగా తీసి ఉంచి మాట్లాడాలన్నారు.
ఎందరు పిల్లలకి ఎందరు పెద్దలో లెక్క చెప్పారు.
రాత్రి ఇంటికెళ్ళాక ఏం జరిగిందో రాయమన్నారు,
నీకేమనిపించిందో వేరే పేరాలో రాయమన్నారు.
ఆ రెండూ వేరని
ఇన్నాళ్ళూ నాకెవరు చెప్పారు?

నాలుగో వారం లౌరీ బోర్డు మీద ఒకటే వాక్యం రాసింది:
రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి.

జంటలుగా విడదీసి నటించమంది.
నా జంట గ్విలిమ్, లారీ డ్రైవరు, యాభై దాటినవాడు,
పద్నాలుగేళ్ళ పిల్లాడయ్యాడు.
టోపీ కళ్ళ మీదికి లాక్కుని అడిగాడు:
"ఒకటి చెప్తా. ఎవరికీ చెప్పనని ఒట్టేస్తావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాలి.
నోరు పెగల్లేదు.

టెగ్వెన్.
సింకు దగ్గర కప్పులు తుడుస్తూ, పదమూడేళ్ళది,
సరిగ్గా ఇలాగే అడిగింది.
ఒట్టు, అన్నాను,
చిటికెన వేలికి చిటికెన వేలు మెలేసి.
చెప్పింది.
ఏం చెప్పిందో ఇక్కడ కూడా రాయను.
ఒట్టు నిలబెట్టుకున్నాను.
మాట తప్పని మనిషినని లోలోపల గర్వం కూడా.
శుక్రవారం దాని పళ్ళెంలో ఒక రొట్టె ఎక్కువ వేశాను.
నేను చేసిన సాయం అదే.
మరుసటి చలికాలానికి రావడం మానేసింది.
తర్వాత ఊరే వదిలి పోయిందన్నారు.
ఆ ఇంటి కిటికీలో మాత్రం
దీపం రోజూలాగే వెలిగేది.

ప్రాణం పోయినా మాట తప్పకూడదని పెంచారు మమ్మల్ని.
ఎవరి ప్రాణమో ఎవరూ చెప్పలేదు.

గ్విలిమ్ టోపీ పైకెత్తాడు. "మెన్నా, నీ వంతు."

ముక్కలు ముక్కలుగా చెప్పాను:
"ఒట్టు వేయలేను, నాయనా.
నీకు ప్రమాదమని తోస్తే ఇంకొకరికి చెప్పి తీరాలి.
ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను.
ఆ గదిలోకి నీతో వస్తాను.
ఇప్పుడు చెప్పాలో వద్దో నువ్వే చూసుకో."

బావుంది, అని లౌరీ
కాగితం మీద టిక్కు పెట్టింది.
ఆ టిక్కు ఖరీదెంతో ఆ పిల్లకేం తెలుసు.

తొమ్మిదీ ఇరవై బస్సు. అద్దాల మీద ఆవిరి.
డైరీ తెరిచాను.
ఏం జరిగిందో రాయడానికి నాలుగు లైన్లు చాలాయి.
రెండో పేరా దగ్గర
మా స్టాపు దాటిపోయింది.
కొండ మలుపులో దిగి వానలో వెనక్కి నడిచాను.
చెత్తడబ్బా దొర్లించిన గొర్రె ఒకటి
నన్ను చూసీ కదల్లేదు.

రేపు శుక్రవారం. హాలు తెరవాలి.
తలుపు కింద చెక్కముక్క పెట్టాలి,
ఓరగా ఆగేలా.