ఎర్రపిల్ల

ఉదయగిరి కొండ నీడ
ఇంకా మంద మీద నుంచి లేవలేదు.
పల్లగొర్రె ఈనింది.
పొట్టేలూ పల్లజాతే, మచ్చలేని తెలుపు.
మాయలోంచి జారిన పిల్ల మాత్రం
కాల్చిన ఇటుక రంగు.

వెంగయ్య చేతికర్ర నేలకేసి కొట్టాడు.
"శ్రావణంలో ఎవురి పొట్టేలో కంప దాటొచ్చుంటుంది డాక్టరమ్మా.
ఈ గొర్రె బుద్ధి మంచిది కాదు. సంతకి తోలేస్తా."
గొర్రె ఏమీ అనలేదు.
దానికి పిల్లను నాకే పని ఉంది.

మందులపెట్టె దించి, ఆ కర్రే అడిగి తీసుకుని
ఇసకలో నాలుగు గళ్ళు గీశాను.
పైన తెలుపు, ఎరుపు. పక్కన తెలుపు, ఎరుపు.
బహిర్గతం, అంతర్గతం అని చదివిన మాటలు
ఎందుకో నోట్లోనే ఉండిపోయాయి.
"తెలుపుది పెద్దనోరు మామా.
పక్కన ఎరుపున్నా తనే పలుకుతుంది.
రెండు ఎరుపులూ ఒకే గడిలో పడ్డప్పుడే
ఎరుపుకి మాట్లాడే వంతు.
నాలుగింట ఒకటి అనుకో. అదీ ఖాయం కాదు,
గవ్వలు పడ్డట్టు."

సంగటి గిన్నెతో వచ్చిన పెంచలమ్మ
అక్కడే నిలబడి వింది.
"మాయత్త బతికినన్నాళ్ళూ నేను నోరెత్తలా.
మాటల్లేకనా?"

వెంగయ్య గళ్ళ వంకే చూస్తున్నాడు.
"అయితే నా పొట్టేల్లో గూడా ఉన్నట్టేనా?"
"ఉండాల్సిందే. ఒక్క తల్లి మూట చాలదు."

నావి పిల్లికళ్ళు.
పురిటి పదకొండో రోజు
నాయన ఉయ్యాల దగ్గరికి రాలేదట.
అమ్మ ఏనాడూ చెప్పలేదు, పక్కింటివాళ్ళు చెప్పారు.
నాకు పన్నెండేళ్ళప్పుడు
అల్లూరు నుంచి నాయనమ్మ చెల్లెలు వచ్చింది.
కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటుంటే
ఆ ముడతల మధ్య నా కళ్ళు.
నాయన చాలాసేపు చూశాడు.
లేచి వెళ్ళి, అమ్మ మోస్తున్న బిందె అందుకున్నాడు.
ఆ ఒక్క పూట.
తప్పయిందనే మాట
మా వంశంలో అంతర్గతం.

ఎర్రపిల్ల లేచింది, పడింది,
మళ్ళీ లేచి గళ్ళ మీదుగా తడబడి
నా గీతలన్నీ చెరిపేసి
పొదుగు వెతుక్కుంది.

"మా తాత మందలో సగం దొరగొర్రెలే,"
అన్నాడు వెంగయ్య,
నాతో కాదు.