నీళ్ళ మాత్ర

మే నెలలో రాసిచ్చాను.
కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టాను,
నూట అరవై మీద నూరు. రెండోసారీ అంతే.
నీళ్ళ మాత్ర, పొద్దున ఒకటి.
చవకది, మంచిది, పుస్తకం తప్పు పట్టనిది.
సొహార్‌లో అప్పటికింకా రాత్రిళ్ళు కాస్త గాలుంది.

జూన్ పదిహేడున
లింబాద్రిని ఇద్దరు మోసుకొచ్చారు,
ఒకడు నేపాలీ, ఒకడు కమ్మర్‌పల్లి వాడు.
పదకొండో అంతస్తు పరంజా మీద
నడుం మోకు కొక్కెం తగిలిస్తుండగా
కండ్లకు చీకట్లు గమ్మినయట.
కొక్కెం తగిలింది కాబట్టి
ఈ గదికి తెచ్చారు.

పడుకోబెట్టి చూస్తే నూట పది.
నిలబెట్టి చూస్తే ఎనభై.
మేలో నేను నిలబెట్టనే లేదు.

"నీళ్ళు తాగుతున్నావా?"
"తాగుతలేను మేడం.
పాయఖానా కింద ఉంటది.
దిగి ఎక్కేసరికి అర్ధగంట, ఫోర్‌మన్ పైసలు కోస్తడు.
మీ గోలీ ఏసుకుంటే ఊకె ఒంటికొస్తది,
అందుకే నీళ్ళే బందు పెట్టిన."

నా చీటీలో పదకొండు అంతస్తులు లేవు.
రోజుకొకటి అని ఉంది,
కింద నా సంతకం, కొంచెం అందంగానే.

బకాలా సంచి బల్ల మీద బోర్లించాడు.
నా నీళ్ళ మాత్రలు.
భీంగల్ డాక్టరు నాలుగేళ్ళ కింద రాసిన తెల్లవి,
ఎవరూ ఆపమనలేదు గనక ఇప్పటికీ.
నడుం నొప్పికి ఎర్రవి, రేకు సగం ఖాళీ.
ఒక్కొక్కటీ విడిగా మర్యాదస్తులే.
మూడూ కలిస్తే
ఎండిన మూత్రపిండం మీద పంచాయితీ.

"ఎర్రవి గూడ మందులేనా మేడం?
నొప్పి గోలీలు గద!"

నేనడగలేదు, అతను చెప్పలేదు.
మా ఇద్దరి మధ్య ఆ రోజు నాలుగు నిమిషాలు,
గుమ్మం బయట నలభై మంది.

సెలైన్ ఎక్కింది. రక్తం పరీక్షకు వెళ్ళింది.
ఎర్రవి నా సొరుగులో వేసుకున్నాను.
నీళ్ళ మాత్ర కొట్టేశాను,
తెల్లవి రిపోర్టు వచ్చేదాకా ముట్టొద్దన్నాను,
ఈసారి తెలుగులో, పెద్దక్షరాలతో.
వారం తర్వాత రా, నిలబడి చూపించుకో.

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ
అడగని మాట ఒకటి తనే చెప్పాడు:
"మా రూంల గంగాధర్‌కు గూడ బీపీ ఉండె.
రెండు నెల్ల సంది జీతం రాలె ఆయనకు.
నా గోలీలల్ల సగం ఆయనకే ఇస్తున్న."

"ఏం పని చేస్తాడు?"

"క్రేన్ నడుపుతడు."

సైట్ నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.
మూడోసారి ఎవరో ఎత్తారు.
అతని గొంతు వెనకాల
ఇనుము ఇంకా పైకి లేస్తున్న చప్పుడు.