ఎనిమిది ఓములు

మనామాలో, పాత సామాన్ల కొట్టు మెట్ల మీద
డబ్బా వెనక రేకు మీది అంకెలు
ఫోను వెలుతుర్లో చదువుతున్నాడు సిల్వాను.
పగలంతా ఏసీలు విప్పే చేతులవి.

మా ఆంప్ మూడొందల వాట్లు, నాలుగు ఓములకైతేనే.
మాకున్నదేమో ఎనిమిది ఓముల డబ్బా, ఒక్కటి.
"అందుకే పోయిన్నెల పెళ్లిలో మన బేస్
వంటవాళ్ల దాకా పోలేదు.
నాబ్ చివరికంటా తిప్పి
దాని గొంతు బొంగురు చేశాం, అంతే."

పక్కన ఇంకో ఎనిమిది పెడితే నాలుగవుతుందట.
కలిపితే తగ్గే లెక్క
మా బడిలో ఎవరూ చెప్పలేదు.

మూడోది కూడా కొనేద్దామన్నాడు రొమెల్, డ్రమ్ములాయన.
సిల్వాను చెయ్యి అడ్డం పెట్టాడు:
"ఒక్క ప్లగ్గుకి మూడు కుక్కర్లు తగిలించిన రాత్రి
గుర్తుందా, క్యాంపంతా చీకటి?"

ముప్పై దీనార్లన్నాడు, ఇరవయ్యారుకి దిగాడు.
పికప్ వెనక డబ్బాని వాటేసుకుని
నేనే కూర్చున్నా, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా తిట్టుకుంటూ.

శుక్రవారం. పెద్ద హాలు.
లావు తీగ ఒక్కసారి మీటాడు.
నా చాయ్ కప్పులో
గుండ్రాలు లేచాయి,
పాదాల కిందికి వచ్చాకే చెవికి తెలిసింది.

అవతల, బిర్యానీ గుండిగ దగ్గర
గరిటె పట్టుకున్నాయన
వెనక్కి తిరిగి చూశాడు.